సైలెన్సర్ అన్న మాటకి ఎంత తీసుకోవాలి

ఫోన్ మోగుతుంది. అవతలి మనిషి ఊరు చెప్పడు, పేరు చెప్పడు. "సైలెన్సర్ మార్చాలండీ, ఎంతవుద్ది?" అంటాడు. ఏ కారండీ అని మనం అడిగేలోపే "ఉజ్జాయింపుగా చెప్పండి, పర్లేదు" అని తొందరపెడతాడు. కొత్తగా షెడ్డు పెట్టిన కుర్రాళ్లు అక్కడే పడిపోతారు. అంకె చెప్పకపోతే పక్క షెడ్డుకి పోతాడేమోనని భయపడి ఏదో ఒకటి చెప్పేస్తారు. ఆ తర్వాత జరిగే గొడవలన్నీ ఆ అంకె నుంచి పుట్టేవే.

నా పేరు మస్తాన్. తిరువూరులో మధిర రోడ్డు మీద కార్ల షెడ్డు నడిపాను. నడుము సహకరించక పోయినేడాది పని మానేశాను. నా దగ్గర పనిచేసిన ఇద్దరు ఇప్పుడు ఆ షెడ్డు చూసుకుంటున్నారు. వాళ్లు వారానికోసారైనా వచ్చి, "ఈ పనికి ఎంత తీసుకోమంటారు బాబాయ్?" అని అడుగుతారు. మరీ ముఖ్యంగా టర్బో కార్లకి పొగగొట్టం పని వచ్చినప్పుడు అడుగుతారు. ప్రతిసారీ నోటితో చెప్పే ఓపిక లేక రాసిపెడుతున్నాను. ఇందులో రూపాయల పట్టిక ఉంటుందనుకుంటే నిరాశపడతారు. నేను రాసే అంకె వచ్చే ఏడాదికి పాతబడుతుంది. అంకె దగ్గరికి ఎలా రావాలో మాత్రం చెప్పగలను.

ఒకే మాట, బోలెడు సామాను

మన వైపు ఇంజను నుంచి వెనక బంపరు దాకా ఉన్న ఇనుమంతా సైలెన్సరే. కస్టమరు అదే మాట అంటాడు, మనమూ అదే అంటాం. కస్టమరు కంటికి కనిపించేది కారు వెనక కింద వేలాడే డబ్బా ఒక్కటే. అసలు సంగతంతా దాని ముందు ఉంటుంది.

టర్బో లేని పాత కార్లలో ఈ మాట వల్ల పెద్ద నష్టం ఉండేది కాదు. నాలుగు బోల్టులు విప్పి, డబ్బా దించి, కొత్తది ఎక్కించి, టీ తాగి పంపించేవాళ్లం. టర్బో వచ్చాక లెక్క మారింది. ఇంజనులోంచి బయటికొచ్చే వేడి పొగ ముందు టర్బో చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ఇంజనుకి పంపులా గాలి కొడుతుంది. అలా తిప్పిన పొగ టర్బో కిందున్న జాయింటు దాటి, వంగే పైపులోకి, అక్కడి నుంచి పొగని శుభ్రం చేసే కన్వర్టర్ డబ్బాలోకి, ఆ తర్వాత పొడుగు పైపులోకి వెళ్లి, చివరికి మనవాళ్లు సైలెన్సర్ అనుకునే డబ్బాలోకి వస్తుంది.

టర్బో కింద జాయింటు దగ్గర వేడికి బోల్టూ నట్టూ ఒకే ముక్కయి కూర్చుంటాయి. స్పానర్ వేస్తే నట్టు రాదు, బోల్టే తెగుతుంది. బోల్టు తెగితే టర్బో దించాలి, తెగిన ముక్కని డ్రిల్లుతో తవ్వి తీయాలి. గంటలో అయ్యే పని పూటంతా పడుతుంది. ఆ పూట కూలి ఎవరివ్వాలి అన్నదే ఈ వృత్తిలో సగం తగాదాలకి మూలం.

శేషయ్య మేస్త్రి వంగని రోజు

నాకు పని నేర్పింది శేషయ్య మేస్త్రి. మనిషి కోపిష్టి. చెయ్యి పని చేస్తుంటే నోరు ఊరుకునేది కాదు. స్పానర్ తప్పు సైజు అందిస్తే మన ముత్తాతల దాకా వెళ్లొచ్చేవాడు. కానీ ఇచ్చిన మాట మీద నిలబడేవాడు.

టర్బో కార్లు మా వైపు కొత్తగా కనిపిస్తున్న రోజులవి. రెడ్డిగూడెం నుంచి ఒక మామిడికాయల వ్యాపారి కారు తెచ్చాడు. సీజను జోరుగా ఉంది, ఆయనకి తోటల మీద తిరగాలన్న హడావుడి. కారు దిగకుండానే "మేస్త్రీ, సైలెన్సర్ మోత వస్తోంది, ఎంత తీసుకుంటావు?" అన్నాడు. మేస్త్రి అప్పుడు లారీ పనిలో ఉన్నాడు. కారు వైపు చూశాడుగానీ కిందికి వంగలేదు. పాత కార్లకి తీసుకునే ధరే చెప్పేశాడు. వ్యాపారి సరేనని తాళాలిచ్చి వెళ్లిపోయాడు.

కిందికి దూరి చూస్తే పగిలింది వెనక డబ్బా కాదు, టర్బో కింది జాయింటు. విప్పబోతే బోల్టులు టపటపా తెగాయి. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. టర్బో దించాల్సి వచ్చింది. సాయంత్రం వ్యాపారి వచ్చాక మేస్త్రి ముందు చెప్పిన ధరే తీసుకున్నాడు. సామాను డబ్బులు కూడా అందులోంచే పోయాయి. మేమంతా ఊరుకోలేక, "ఆయనకి విషయం చెప్పి ఇంకొంచెం అడగొచ్చుగా మేస్త్రీ" అన్నాం.

"ఏమని అడగనురా? నేను వంగి చూడలేదు, అందుకని నువ్వు డబ్బులియ్యి అని అడగనా?" అని కసిరాడు. చేతులు తుడుచుకుంటూ, "ధర చెప్పేముందు కారు కింద వంగాలి. లేదంటే చెప్పాక కస్టమరు ముందు వంగాల్సొస్తది. ఏ వంగుడు కావాలో చూసుకోండి" అన్నాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. చూడకుండా ధర చెప్పడం అడుసు తొక్కడమే.

నేను అలవాటు చేసుకున్న పద్ధతి

నా షెడ్డు పెట్టుకున్నాక టర్బో కారు పొగగొట్టం పనికి ఎప్పుడూ ఒకే ధర చెప్పలేదు. మూడు చెప్పేవాణ్ణి. చూసినందుకు ఇంత. విప్పి బిగిస్తే ఇంత. బోల్టు తెగితే ఇంత. ఈ మూడూ స్పానర్ పట్టుకోకముందే కస్టమరుకి వినబడాలి. మూడోది వినగానే మొహం మాడ్చుకుంటారు. "తెగకుండా తియ్యండి మరి" అంటారు. తెగకుండానే చూస్తానండీ, తెగితే మాత్రం అప్పుడు కొత్తగా అడగను, ఇప్పుడే చెబుతున్నాను అనేవాణ్ణి. కొందరు వెళ్లిపోయేవాళ్లు. వెళ్లిన వాళ్ల గురించి బాధపడలేదు అంటే అబద్ధం, బాధపడ్డాను. పద్ధతి మాత్రం మార్చుకోలేదు.

చూసినందుకు డబ్బులేంటని దెబ్బలాడేవాళ్లు చాలామంది ఉంటారు. ఆసుపత్రిలో టోకెన్ డబ్బులు కట్టి గంటలు కూర్చునే మనిషే మన దగ్గరికొచ్చి "ఊరికే చూశావుగా" అంటాడు. కారు కింద పడుకుని, వేడి ఇనుము మొహానికి తగలకుండా చూసి రావడం ఊరికే కాదు. ఆ కూలి తీసుకోండి. పని మన దగ్గరే చేయించుకుంటే అందులో కలిపేయండి.

మామూలు కారుకి తీసుకునే కూలికి టర్బో కారు కూలి రెట్టింపు ఉన్నా తప్పులేదు. జాయింటులోంచి పొగ కారకుండా మధ్యలో పెట్టే గాస్కెట్టు కొత్తది, కొత్త బోల్టులు, రాగి నట్లు తప్పనిసరి. పాత గాస్కెట్టుని తుడిచి పెడితే నెల తిరక్కుండా ఆ కారు మళ్లీ మీ షెడ్డు ముందుంటుంది.

ఇక "మీరు చూసి ఇవ్వండి" అనే మాట. మన వైపు మర్యాద కొద్దీ అంటాం. తెలిసినవాళ్లయితే ధర చెప్పడానికి మొహమాటపడి, "మీ దగ్గరేంటండీ, చూసి ఇవ్వండి" అంటాం. ఆయన చూసి ఇస్తాడు. మనకి తక్కువనిపిస్తుంది, ఆయనకి ఎక్కువిచ్చాననిపిస్తుంది. ఇద్దరూ నవ్వుతూ విడిపోతారు, ఇద్దరూ ఇంటికెళ్లి తిట్టుకుంటారు. ఆ మాట మానేయండి.

ఇంకొకటి. తీసిన పాత సామాను కస్టమరుదే. అడిగినా అడక్కపోయినా గోనెపట్టాలో చుట్టి డిక్కీలో పెట్టండి. కన్వర్టర్ డబ్బా లోపల విలువైన లోహం ఉంటుంది. పాత ఇనుము కొనేవాళ్లు దానికి మంచి ధర ఇస్తారు. ఆ సంగతి కస్టమరుకి తెలియదు, మనకి తెలుసు. ఆ తెలిసినదాన్ని అమ్ముకుని, కూలి చౌకగా చేశానని పేరు తెచ్చుకునేవాళ్లున్నారు. అలాంటి చౌక పని ఒకటి ఏం చేసిందో చెబుతాను.

కోటి కారు

కోటేశ్వరరావు పెనుగొలనులో ఉంటాడు. అందరూ కోటి అంటారు. డీజిలు టర్బో కారు ఒకటి కొనుక్కుని కిరాయికి తిప్పుకుంటాడు. వాళ్లక్క నాగమణికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి బెజవాడ తీసుకెళ్తాడు. ఆ రెండు రోజులు కిరాయి వచ్చినా ఒప్పుకోడు.

నేను పని మానేయడానికి కొన్నాళ్ల ముందు ఒక బుధవారం పొద్దున వచ్చాడు. కారులో వెనక సీట్లో వాళ్లక్క కూర్చుని ఉంది. డయాలసిస్ రోజు కాదు, ఊళ్లో రక్త పరీక్షకి తీసుకొచ్చాడట. చీర కొంగు చెవుల మీదుగా కప్పుకుంది.

"సైలెన్సర్ మోతొస్తంది బాబాయ్. రెండు వెల్డింగు టాకాలు కొట్టు, పోతాను" అన్నాడు కోటి.

కిందికి దూరాను. ఉండాల్సిన చోట కన్వర్టర్ డబ్బా లేదు. దాని ముందుండే వంగే పైపూ లేదు. రెండూ కోసేసి, టర్బో కింది నుంచి వెనక డబ్బా దాకా తిన్నగా ఒక ఇనప పైపు అతికించారు. ఇంజను ఊగుతుంది, తిన్నని పైపు ఊగదు. ఊగినప్పుడల్లా అది టర్బో జాయింటుని లాగి లాగి గాస్కెట్టు తినేసింది. ఆ జాయింటు చుట్టూ నల్లగా మసి పట్టింది. మావాడిచేత వెనక గొట్టానికి గుడ్డ అడ్డం పెట్టించి ఇంజను స్టార్ట్ చేయిస్తే జాయింటు దగ్గర పాములా బుస్సుమంది.

"ఈ పైపు ఎవరేశారురా?"

"వేసంగిలో దారిలో ఒక షెడ్డులో వేయించాను. సైలెన్సర్ పోయిందన్నారు. చాలా చౌకలో చేశారు బాబాయ్. పికప్పు కూడా పెరిగింది."

పెరుగుతుంది మరి. అడ్డంగా ఉన్న డబ్బా తీసేశాక పొగ సులువుగా పోతుంది, బండి లాగుతుంది. ఆ ఆనందంలో వీడు డబ్బా ఏదని అడగలేదు. సైలెన్సర్ మార్చాం అంటే సైలెన్సర్ మార్చారనే అనుకున్నాడు. ఆ షెడ్డువాడు కూలి దగ్గర తగ్గించింది డబ్బా దగ్గర రాబట్టుకున్నాడు.

విషయం చెప్పాను. టాకా వేస్తే పది రోజులు కూడా ఆగదన్నాను. వంగే పైపు వేయాలి, జాయింటు కొత్తగా కట్టాలి, కన్వర్టర్ మాత్రం ఖరీదైంది కాబట్టి రెండో విడతలో వేద్దాం, ఎక్కువ రోజులు లేకుండా తిరగకూడదు అని చెప్పి, నా మూడు ధరలూ చెప్పాను. కోటి మొహం వాడిపోయింది.

"అంత పెట్టలేను బాబాయ్. టాకాలే కొట్టు."

వెనక సీట్లోంచి నాగమణి అంది. "ఎందుకురా బాగు చేయించడం? నేను రానని చెప్పాగా. ఆ డబ్బులు పిల్లల ఫీజులకి దాచు."

"అక్కా, ఇక్కడ మొదలెట్టకు" అన్నాడు కోటి.

ఏంటమ్మా సంగతి అని అడిగాను. ఆమె నెమ్మదిగానే చెప్పింది. "నాకు ఆ సూదులంటే భయం లేదు బాబాయ్ గారూ. ఈ ప్రయాణమే పడట్లేదు. కారెక్కిన కాసేపటికి తల పగిలిపోద్ది, కడుపులో తిప్పుద్ది. దిగేటప్పటికి ప్రాణం పోయినట్టుంటది. జబ్బుకి అంతేనన్నారు. అలా వారానికి రెండుసార్లు చచ్చేకంటే ఇంట్లో ఒకేసారి పోతే నయం. ఈ శుక్రవారం నుంచి వెళ్లను."

"మానేస్తే వారం బతకవని డాక్టరు చెప్పాడు కదే!" అన్నాడు కోటి. ఏడుస్తున్నాడని వాడికే తెలియలేదు.

"మరి బస్సులో వెళ్లినప్పుడు ఎలా ఉంటుందమ్మా?" అన్నాను.

"బస్సులో రాదయ్యా తలనొప్పి. అది చెబితే వీడు వినడు. కాకపోతే సూదులు తీశాక బస్సులో కూర్చోలేను."

బస్సులో రాదన్న మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఎలా తీసుకెళ్తావని కోటిని అడిగాను. ఆ జబ్బుతో ఆమెకి చలి ఎక్కువట. ఏసీ వేస్తే వణుకుతుంది. అందుకని కోటి ఏసీ ఆపేసి, వెనక అద్దాలెత్తి, బయటి గాలి లోపలికొచ్చేలా బ్లోయర్ పెడతాడు. ఆ బయటి గాలి వచ్చేది ఇంజను బానెట్ వెనక నుంచి. కింద జాయింటు పొగ కక్కేదీ అక్కడే.

కోటిని స్టీరింగు దగ్గర కూర్చోమని, నేను వెళ్లి వెనక ఆమె పక్కన కూర్చున్నాను. ఇంజను వేయించి, బ్లోయర్ పెట్టించాను. కాసేపటికే ముక్కు మండింది. ముందుకి వంగి చూస్తే అక్కడ వాసనే లేదు. కోటి తన వైపు అద్దం సగం దించుకుని, మోచెయ్యి బయటపెట్టి తోలతాడు. వాడికెలా తెలుస్తుంది?

ఇన్నేళ్లూ ఏ కారు బాగు చేసినా ట్రయల్‌కి నేను డ్రైవరు సీట్లోనే కూర్చున్నాను. అందరు మెకానిక్కులూ అంతే. పొగగొట్టం పని చేస్తే వెనక సీట్లో కూర్చుని ట్రయల్ చూడాలని ఆ రోజు తెలిసింది. ఇది చదివేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకున్నా చాలు.

దిగాక, అక్క తలనొప్పి జబ్బుది కాదు, ఈ పొగదేనని కోటికి చెప్పాను. వాడు బానెట్ మీద చెయ్యేసి, "నేనే పొగబెట్టాను కదా బాబాయ్ అక్కకి" అన్నాడు. వెంటనే నా చేతులు పట్టుకుని, "ఎంతైనా పర్లేదు. అప్పు తెస్తా. అన్నీ కొత్తవి వేసెయ్యి, టర్బో కూడా మార్చెయ్యి" అన్నాడు.

ఇక్కడ ఆగి చెబుతున్నాను, వినండి. అంతకు ముందే నా ధరకి బేరమాడిన మనిషి, ఇప్పుడు ఎంతైనా పర్లేదంటున్నాడు. ఈ రెండు మాటల మధ్య కారేమీ మారలేదు. పనీ పెరగలేదు. వాడికి భయం పుట్టింది, అంతే. మీ షెడ్డు పాతికేళ్లు నిలబడుతుందో మూడేళ్లలో మూతపడుతుందో తేలేది ఇలాంటి చోటే. వాడి టర్బో శుభ్రంగా ఉంది. మార్చమంటే ఎందుకు మార్చాలి? అలాగని జాలిపడి తగ్గించడమూ నాకు సరిగ్గా తోచలేదు. ఆ రోజు జాలితో తగ్గిస్తే, రేపు జాలి కలగని మనిషి దగ్గర ఆ లోటు పూడ్చుకోవాలనిపిస్తుంది. భయానికి ముందు చెప్పిన ధరే భయం తర్వాతా తీసుకోవాలి.

"టర్బోకేం రోగం లేదు. ఇందాక చెప్పిన మూడు మాటలే. అంతకంటే రూపాయి ఎక్కువ తీసుకోను, తక్కువా తీసుకోను" అన్నాను.

"బోల్టు తెగకుండా తియ్యి బాబాయ్" అన్నాడు ఆ ఏడుపులోనే. నాకు నవ్వొచ్చింది.

ఒకటి తెగింది. టర్బో దించాం. నాగమణికి వేపచెట్టు నీడలో నవారు మంచం వేయించాం. మా షెడ్డు వెనకే ఇల్లు కాబట్టి మా ఆవిడ వచ్చి కూర్చుని కబుర్లు చెప్పింది. జావ తాగుతావా అంటే డాక్టరు నీళ్లు కూడా కొలిచి తాగమన్నాడని ఆమె వద్దంది. పొద్దువాలేసరికి కొత్త బోల్టులు, కొత్త గాస్కెట్టు, వంగే పైపు ఎక్కాయి. గుడ్డ అడ్డం పెట్టి చూస్తే బుస్సు లేదు. మూడో ధర ముందే విన్నాడు కాబట్టి కోటి మారు మాట్లాడకుండా ఇచ్చాడు.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. నాగమణి కారెక్కనంది.

"నేను బస్సుకి పోతానయ్యా. బాగు చేశారేమో, కాదనను. ఆ సీటు చూస్తేనే తిప్పుతోంది" అంది. కోటి బతిమాలాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నేనూ పక్కన కూర్చుంటానమ్మా. ఎ.కొండూరు రోడ్డు మీద కొంచెం దూరం వెళ్లొద్దాం. తల బరువనిపిస్తే చెప్పు, అక్కడే దిగి ఇద్దరం బస్సెక్కేద్దాం" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, ఆఖరికి ఎక్కింది.

ఏసీ ఆపించాను. అద్దాలన్నీ ఎత్తించాను, కోటి వైపు అద్దంతో సహా. బ్లోయర్ పెట్టించాను. కారు ఊరు దాటింది. ఆమె ముందు సీటు వెనక భాగం గట్టిగా పట్టుకుని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. నేనూ ముక్కు ఎగబీలుస్తూనే ఉన్నాను. మామిడి తోటలు వచ్చాయి, పోయాయి. ఆమె కొంగు దించింది. కాసేపటికి సీటు వదిలేసింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఇటు తిరిగేసరికి ఆమె తల పక్కకి వాలిపోయి ఉంది.

చటుక్కున ఆమె మొహం మీదికి వంగాను. పొగ ఎక్కినా మనిషి అలాగే మత్తుగా వాలిపోతాడు. నాకు వాసన రాలేదు, కానీ నా ముక్కు ముసలిది. ఎక్కడ తప్పు చేశాను? గాస్కెట్టు సరిగ్గా కూర్చోలేదా? కోటి కూడా అద్దంలో చూశాడు. రోడ్డు పక్కకి లాగి బ్రేకేసి, వెనక్కి తిరిగి భుజం పట్టుకుని కుదిపాడు.

"అక్కా! అక్కా!"

ఆమె కళ్లు తెరిచింది. మమ్మల్నిద్దర్నీ చూసి విసుక్కుంది.

"ఎన్నాళ్లకో కారులో కన్నంటుకుంటే లేపుతావేంట్రా?" అని, కొంగు మళ్లీ చెవుల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుంటూ అడిగింది. "శుక్రవారం ఎన్నింటికి బయల్దేరదాం?"